వేడినీటి ఊట, బాటసారి విడిది

దూరం నడిచి వచ్చిన మనిషికి మొట్టమొదట కావలసినవి రెండు: కాళ్లు కడుక్కోవటానికి నీళ్లు, నడుము వాల్చటానికి చోటు. ఇంటికి వచ్చిన చుట్టానికి కాళ్లకు నీళ్లివ్వటం తెలుగువారి మర్యాద. చలికాలమైతే పెరటిలో కాగు కింద మంట ఎగదోసి, వేడినీళ్లు తోడిపెట్టటం అంతకంటె పెద్ద మర్యాద. ఈ రెండు అవసరాలనూ ఒకే కప్పు కింద తీర్చి, ఆ ఏర్పాటును వందల ఏళ్లుగా నిలబెట్టుకొన్న దేశం జపాను. అక్కడ కాగు కింద మంట పెట్టే పని భూమియే చేస్తుంది. కొండల పగుళ్లలో నుంచి పొగలు కక్కుతూ ఊరే నీటి పక్కన విడిది కడతారు. ఆ ఊటను ‘ఓన్‌సెన్’ అనీ, ఆ సంప్రదాయపు విడిదిని ‘ర్యోకాన్’ అనీ అంటారు.

వేడినీటి ఊటలు మన దేశంలోనూ ఉన్నవి. మన బాటల మీద సత్రాలూ ఉండేవి. అయినా మన తెలుగునాట ఈ రెండూ ఒకచోట కలిసి జపానులో వలె ఒక విడిదిగా రూపొందలేదు. ఎందువలన? దీనికి జవాబు కొంత భూగర్భశాస్త్రంలోనూ, కొంత బాటల చరిత్రలోనూ ఉన్నది. నెల్లూరు జిల్లాలో, పెన్నానదికి ఉత్తరపు గట్టున ఉన్న కోవూరును కొలబద్దగా పెట్టుకొని ఆ జవాబును వెదకుదాము.

విడిదిలో ఒక రాత్రి

ముందుగా ర్యోకాన్‌లో బస ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. ఇది మనకు కొత్త కాదు. గదిలో నేలంతా తాతామి చాపలు పరచి ఉంటాయి. వరిగడ్డిని దట్టంగా కుట్టి, పైన తుంగజాతి గడ్డితో నేసిన చాపను కప్పితే తాతామి అవుతుంది. గది ఎంత పెద్దదో చాపల లెక్కతోనే చెబుతారు: ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అని. కుర్చీలు, మంచాలు ఉండవు. ఒక పొట్టి బల్ల, గోడలో ఒక గూడు, ఆ గూటిలో వేలాడే చిత్రపటం, ఒక పూలకొమ్మ. ఇంతే సామాను. వచ్చినవారికి తేనీరు ఇచ్చి, కట్టుకోవటానికి యుకాతా అనే పలుచని నూలు అంగీని ఇస్తారు. రాత్రి భోజనం చిన్న చిన్న గిన్నెలలో వస్తుంది: అన్నం, చేప, కొండ ఆకుకూరలు, ఊరవేసిన కూరముక్కలు, పులియబెట్టిన సోయా ముద్దతో కాచిన చారు. తరువాత పనివారు బల్లను పక్కకు జరిపి పరుపులు పరుస్తారు. పగలు కూర్చునే గదియే రాత్రి పడకగది అవుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది స్నానం. అక్కడ ఒక కట్టుబాటు ఉన్నది. వేడినీటి తొట్టిలోకి దిగేముందే బయట కూర్చొని, సబ్బుతో ఒళ్లంతా రుద్దుకొని శుభ్రంగా కడుగుకోవాలి. తొట్టి మురికి వదిలించుకొనే చోటు కాదు. వేడిలో నానే చోటు. ఆ నీరు అందరిదీ కాబట్టి, ఒక్కరి సబ్బుగాని, ఒక్కరి తువ్వాలుగాని అందులో పడరాదు. నీరు సుమారు 40 నుంచి 42 సెంటీగ్రేడు డిగ్రీల వేడి ఉంటుంది. మన శరీరపు వేడి కంటె మూడు నుంచి ఐదు డిగ్రీలు మాత్రమే ఎక్కువ. ఆ నీటిలో కొన్ని నిమిషాలు కూర్చుంటే చర్మం కిందనున్న సన్నని రక్తనాళాలు వెడల్పవుతాయి, కండరాల బిగువు సడలుతుంది, నీరు శరీరాన్ని పైకి తేల్చటం వలన కీళ్ల మీద బరువు తగ్గుతుంది. నడిచి అలసినవారికీ, కీళ్లనొప్పులవారికీ అది హాయిగా ఉండటానికి కారణం ఇదే. అయితే గుండెజబ్బు, రక్తపుపోటు ఉన్నవారు ఎక్కువసేపు నానటం మంచిది కాదు.

భూమి నీళ్లు కాచే విధానం

భూమిలోకి దిగినకొద్దీ వేడి పెరుగుతుంది. సాధారణంగా ఒక్కొక్క కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరుగుతుందని లెక్క. కొండ మీద కురిసిన వాన పగుళ్ల వెంట లోపలికి ఇంకి, లోతున వేడెక్కి, మరొక పగులు వెంట త్వరగా పైకి రాగలిగితే వేడినీటి ఊట అవుతుంది. ‘త్వరగా’ అన్నమాట ముఖ్యం. నెమ్మదిగా వస్తే దారిలోనే చల్లారిపోతుంది.

జపానుకు ఈ విషయంలో ప్రకృతి చేసిన సహాయం చాలా ఎక్కువ. పసిఫిక్ సముద్రపు అడుగునున్న భూఫలకమూ, దానికి పడమరనున్న ఫిలిప్పీన్ సముద్రపు ఫలకమూ జపాను దీవుల కిందికి దూరుతూ ఉన్నవి. దాని ఫలితంగా లోతున రాయి కరిగి అగ్నిపర్వతాలుగా పైకి వస్తుంది. ఆ దేశం సజీవమైనవిగా లెక్కించిన అగ్నిపర్వతాలు 111. కరిగిన రాయి తక్కువ లోతులోనే ఉండటం వలన అక్కడ నీరు ఎంతో లోతుకు పోకుండానే కాగుతుంది. దారిలో గంధకమూ, ఉప్పూ, ఇనుమూ మొదలైనవి కలుపుకొంటుంది. భూకంపాలూ, వేడినీళ్లూ ఒకే తల్లి బిడ్డలు; ఒకటి కావాలంటే రెండవదానిని భరించక తప్పదు.

కోవూరు స్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కోవూరు నేల పెన్న తెచ్చిపోసిన ఒండ్రు. దానికి పడమటనున్న నెల్లూరు జిల్లా శిస్టు రాళ్లు రెండు వందల కోట్ల సంవత్సరాలకు పైబడినవి. ఎప్పుడో చల్లారి కుదురుకొన్న నేల ఇది. దగ్గరలో అగ్నిపర్వతం లేదు. ఇక్కడి బావిలో పొగలు రావు.

కాని ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. జపాను ప్రభుత్వం 1948లో ఓన్‌సెన్ చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం నేలలో నుంచి వచ్చే నీరు ఊట దగ్గర 25 డిగ్రీలో, అంతకంటె ఎక్కువో వేడి ఉంటే అది ఓన్‌సెన్ అవుతుంది. అంత వేడి లేకపోయినా, పట్టికలో చెప్పిన 19 పదార్థాలలో ఏ ఒక్కటి అయినా తగినంత ఉంటే చాలు. ఇక కోవూరు బావిని చూడండి. కొద్దిపాటి లోతునుండే భూగర్భజలం ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. నెల్లూరు ప్రాంతపు సగటు 28, 29 డిగ్రీలు. అంటే ఆ చట్టాన్ని అక్షరాలా ఇక్కడకు తెస్తే కోవూరులోని ప్రతి బావీ ఓన్‌సెనే! టోక్యో నగరపు సగటు వేడి సుమారు 16 డిగ్రీలు కాబట్టి అక్కడ 25 డిగ్రీల నీరంటే భూమి ప్రత్యేకంగా కాచినదే. మన ఎండదేశంలో ఆ గీత పనికిరాదు. ఒక ప్రాంతపు కొలత మరొక ప్రాంతానికి సరిపోతుందో లేదో చూడకుండా అరువు తెచ్చుకోరాదనటానికి ఇది మంచి ఉదాహరణ.

రోగుల తొట్టి

జపాను ఊటల చరిత్ర చాలా పాతది. క్రీ. శ. 733లో పూర్తి అయిన ఇజుమో ప్రాంత వర్ణన గ్రంథంలో తామాత్సుకురి ఊట ప్రస్తావన ఉన్నది. ఆడ, మగ, పిన్న, పెద్ద అందరూ అక్కడ సంతకు వచ్చినట్లు వచ్చేవారని ఆ గ్రంథం చెబుతుంది. యామానాషి జిల్లాలోని కేయున్‌కాన్ అనే విడిది 705లో ప్రారంభమయిందని సంప్రదాయం. ప్రపంచంలో నడుస్తున్న హోటళ్లలో అతి ప్రాచీనమైనదిగా 2011లో గిన్నిస్ గ్రంథం దానిని గుర్తించింది. ఇషికావా జిల్లాలోని హోషి విడిది 718 నాటిదని చెబుతారు.

అయితే ఆనాటి ఊటలు సుఖయాత్రలకు ఏర్పడినవి కావు, రోగులకు ఏర్పడినవి. ఊటలో నాని జబ్బు నయం చేసుకొనే పద్ధతిని ‘తోజి’ అంటారు. ఏడు రోజులు ఒక ఆవృత్తి. మూడు ఆవృత్తులు చేస్తే, అంటే 21 రోజులకు, చికిత్స పూర్తి అయినట్లు. కోతలు, నాట్లు ముగించిన రైతులు నడుమునొప్పులు తీర్చుకోవటానికి ఊటలకు పోయేవారు. బియ్యమూ, సోయా ముద్దా మూటకట్టుకొని పోయి, అక్కడ తామే వండుకొనేవారు. విడిది యజమాని చూపేది గదీ, పొయ్యీ, ఊట. వారు ఇచ్చేది గది బాడుగా, కట్టెల ఖరీదూ. 18వ శతాబ్దం తొలినాళ్లలో గోతో కోన్‌జాన్ అనే వైద్యుడు ఊటస్నానాన్ని చికిత్సగా గట్టిగా ప్రచారం చేశాడు. అందుచేత ఊటల పేరు మరింత వ్యాపించింది.

బాటసారి ఇల్లు

ఇంకొక పక్క బాటల మీది విడుదులు వేరుగా పెరిగాయి. తోకుగావా పాలకులు 1635లో ఒక శాసనం ఖాయం చేశారు. దాని ప్రకారం దేశంలోని సామంత ప్రభువులు ఒక ఏడాది తమ సంస్థానంలోనూ, ఒక ఏడాది రాజధాని ఎదోలోనూ ఉండాలి. ఎదోయే నేటి టోక్యో. భార్యాబిడ్డలను మాత్రం ఎప్పుడూ ఎదోలోనే ఉంచాలి. ప్రభువులు తిరగబడకుండా చూడటానికి చేసిన ఏర్పాటు ఇది. దాని ఫలితంగా వందలాది పరివారంతో ప్రభువులు ఏటేటా బాటల మీద నడవవలసి వచ్చింది. ఎదోకూ, క్యోటోకూ నడుమ తీరం వెంట పోయే తోకాయ్‌దో బాట పొడవు సుమారు 490 కిలోమీటర్లు. దాని మీద 53 మజిలీలు. ప్రతి మజిలీలోనూ ప్రభువులకు ‘హోన్‌జిన్’ అనే పెద్ద విడిది, సామాన్యులకు భోజనంతో సహా బస ఇచ్చే ‘హతాగో’, బీదలకు కట్టెల డబ్బు పుచ్చుకొని పొయ్యి చూపే ‘కిచిన్‌యాదో’ ఉండేవి. ఏటేటా తప్పని గిరాకీ ఉండటం వలన అతిథిని చూచుకోవటం అక్కడ ఒక వృత్తి అయింది.

ఆ బాట మీద మనకు బాగా అర్థమయ్యే చోటు ఒకటి ఉన్నది. అది ఓయి నది. దాని మీద వంతెన కట్టటానికిగాని, పడవలు నడపటానికిగాని ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. బాటసారులు కూలీల భుజాల మీదనో, కూలీలు మోసే చట్రాల మీదనో నది దాటవలసిందే. నీరు సుమారు 136 సెంటీమీటర్ల లోతు మించితే దాటటం ఆపివేసేవారు. అప్పుడు ఒక గట్టున షిమాదా, అవతలి గట్టున కానాయా మజిలీలలో జనం రోజుల తరబడి నిలిచిపోయేవారు. నది ఎంత పొంగితే విడుదులకు అంత ఆదాయం.

కోవూరును చూచినవారికి ఈ చిత్రం వెంటనే కళ్లకు కట్టుతుంది. మద్రాసు నుంచి ఉత్తరానికి పోయే రాచబాట నెల్లూరు దగ్గర పెన్నను దాటి కోవూరు వైపు ఎక్కుతుంది. పెన్న సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుక మేట. ఈశాన్య ఋతుపవనం వచ్చే అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మాత్రం ఏ రాత్రి పొంగుతుందో చెప్పలేము. నెల్లూరు ఆనకట్ట 1855లో పూర్తి అయింది. వంతెనలు లేని రోజులలో ఏరు పొంగితే నెల్లూరు ఒక షిమాదా, కోవూరు ఒక కానాయా కాక తప్పదు. ఇది పాతకాలపు మాట మాత్రమే కాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు పక్కనే పడుగుపాడు వద్ద రైలుకట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచాయి. వందేళ్ల నాటి బాటసారి లాగానే మన లారీ డ్రైవర్లూ గట్టున కాచుకొని కూర్చున్నారు.

మన సత్రం

అటువంటి బాటల మీద మన పూర్వులు కట్టినది సత్రం. ‘సత్రం’ అనేది సంస్కృతంలో ‘సత్త్రం’ అనే మాట. మొదట దానికి అర్థం చాలా రోజులు సాగే యజ్ఞం. యజ్ఞంలో వచ్చినవారందరికీ అన్నం పెడతారు గదా! ఆ విధంగా అన్నం పెట్టే చోటు సత్రమయింది. ఇంగ్లీషువారు మన సత్రాలను ‘చౌల్ట్రీ’లన్నారు, ఆ మాట మన ‘చావడి’ నుంచి వచ్చినదే. జమీందారులు, వర్తకులు, కొన్నిచోట్ల పుణ్యం కోరిన వితంతువులు సత్రాలు కట్టించి, వాటి ఖర్చుకు మాన్యాలు రాసేవారు. ఆ మాన్యాల ఆదాయం దారి తప్పకుండా చూడటానికి మద్రాసు ప్రభుత్వం 1817లో ఏడవ రెగ్యులేషను చేసింది. దేవాలయాలు, వంతెనలతోపాటు సత్రాల ధర్మాదాయాన్ని కూడా అది రెవెన్యూ బోర్డు పర్యవేక్షణలోకి తెచ్చింది.

సత్రాలు బాటసారులకు ఎంత ముఖ్యమో ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే తెలుస్తుంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. తిరుగు ప్రయాణం తూర్పుతీరపు బాట మీదుగా. ఏ ఊరిలో సత్రం ఉన్నది, నీళ్లు ఎటువంటివి, ఏ సరుకులు దొరుకుతాయి అన్న విషయాలు మజిలీ మజిలీకి రాసుకొన్నాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం ఆనాటి మన బాటలకు ఒక దర్పణం.

సత్రానికీ, హతాగోకూ ఉన్న ముఖ్యమైన తేడా డబ్బు. హతాగోలో బస అమ్మకపు సరుకు. సత్రంలో బస ధర్మం. ధర్మంలో ఒక గొప్పతనం ఉన్నది: చేతిలో కాసు లేనివాడు కూడా తల దాచుకోగలడు. ఒక లోపమూ ఉన్నది: పెట్టేవాడి మనసును బట్టి పెట్టటం ఉంటుంది. ఏ కులంవారు ఆ కులంగా వండుకోవటం, కొందరికి బ్రాహ్మణ సత్రాల గడప కూడా ఎక్కే హక్కు లేకపోవటం మన సత్రాల చరిత్రలో ఉన్నవే. జపాను అన్నివిధాల సమానమైన దేశమనుకోరాదు; హోదా గలవారికి అక్కడా వేరు తొట్టెలుండేవి, అంటరానివారుగా చూడబడిన వర్గాలు అక్కడా ఉండేవి. అయినా డబ్బు ఇచ్చిన సామాన్య బాటసారులు చాలమంది ఒకే తొట్టిలో నానటానికి అలవాటుపడ్డారు. నీటిని తాకటంలోనే మైలను వెదకే సమాజంలో అటువంటి తొట్టి కుదరటం కష్టం.

1805 నాటి తగాదా

ఇంతవరకు జపానులో రోగుల తొట్టి ఒకచోట, బాటసారి ఇల్లు ఒకచోట ఉన్నవి. ఆ రెండూ ఎలా కలిశాయి? దానికి హాకోనే కొండల దగ్గర జరిగిన ఒక తగాదా చక్కని సాక్ష్యం.

తోకాయ్‌దో బాట మీద ఒదావరా, హాకోనే అనేవి పక్కపక్క మజిలీలు. వాటి నడుమ యుమోతో అనే వేడినీటి ఊరు ఉన్నది. బాటసారులు మజిలీలలోనే రాత్రి బస చేయాలని కట్టుబాటు. యుమోతో మజిలీ కాదు. రోగులు వచ్చి వారాలపాటు ఉండే చోటు. కాని బాటసారులు మజిలీని దాటి యుమోతో చేరి, ‘మేము తోజి కోసం వచ్చాము’ అని చెప్పి, ఒక్క రాత్రి నాని తెల్లవారి పోవటం మొదలుపెట్టారు. ఒదావరా, హాకోనేల విడిది యజమానులకు నష్టం వచ్చింది. వారు ఫిర్యాదు చేశారు. ఏడు రోజుల చికిత్స ఒక్క రాత్రిలో అవుతుందా అన్నది అసలు ప్రశ్న. 1805లో బాటల అధికారులు యుమోతో పక్షాన నిలిచి, ‘ఒక రాత్రి తోజి’ని అనుమతించారు.

చూడటానికి చిన్న తీర్పు. దాని అర్థం మాత్రం పెద్దది. వేడినీరు రోగికే కాదు, అలసిన ఆరోగ్యవంతుడికి కూడా చెందుతుందని ఒప్పుకొన్నట్లయింది. నేడు ఒక రాత్రి, రెండు పూటల భోజనం, ఊటస్నానం అనే ఏర్పాటు ర్యోకాన్‌లలో సర్వసామాన్యం. దాని తొలి అడుగులలో ఒకటి ఆ తగాదాలో కనిపిస్తుంది.

రైలు వచ్చిన తరువాత

తోకాయ్‌దో రైలుమార్గం 1889లో పూర్తి అయింది. పదిహేను రోజుల నడక ఒక్క రోజు ప్రయాణమయింది. మజిలీలలోని హతాగోలు, హోన్‌జిన్‌లు క్రమంగా మూతపడ్డాయి. మన దేశంలో కూడా ఇదే జరిగింది. 19వ శతాబ్దం ముగిసేసరికి నెల్లూరు మీదుగా రైలు నడిచింది. రాచబాట మీది సత్రాలకు బాటసారులు తగ్గారు. బాట కోసం పుట్టిన ఇల్లు బాట మారితే నిలవదు. కోవూరు బాటకూ, షిమాదా బాటకూ ఈ విషయంలో తేడా లేదు.

కాని జపానులో ఊటల దగ్గరి విడుదులు చావలేదు సరికదా, పెరిగాయి. ఎందుకంటే ఊట కదలదు. మనుషులే రైలెక్కి దాని దగ్గరకు రావాలి. ఇదే మన మొదటి ప్రశ్నకు జవాబు. మన సత్రం బాటను మాత్రమే నమ్ముకొన్నది. వారి విడిది బాటతోపాటు నీటిని కూడా పట్టుకొన్నది.

ఆ కాలంలోనే సైన్సు కూడా ఊటల దగ్గరకు వచ్చింది. 1876లో టోక్యో వైద్యకళాశాలకు వచ్చిన జర్మను వైద్యుడు ఎర్విన్ బేల్జ్ కుసాత్సు ఊటలను పరిశీలించి వాటి గుణాలను లోకానికి చాటాడు. కుసాత్సు నీరు నిమ్మరసమంత పుల్లనిది. చాలా వేడి కూడా. చన్నీళ్లు కలిపితే సత్తువ తగ్గుతుందని, పొడవాటి చెక్కలతో నీటిని తిరగవేసి చల్లార్చటం అక్కడి ఆచారం.

గోదావరి గట్టున

మరి తెలుగునాట వేడినీటి ఊటలు ఎక్కడ? భద్రాచలానికి దగ్గరలో గోదావరి ఒడ్డున గుండాల అనే ఊరు ఉన్నది. అక్కడ ఏటి ఇసుకను చేతులతో తవ్వితే వేడినీరు ఊరుతుంది. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు అక్కడ స్నానం చేశారని స్థలకథ. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులలో నుంచి వేడినీరు తనంత తానే పైకి పొంగింది. భారత భూగర్భశాఖకు తొలి అధిపతులలో ఒకడైన థామస్ ఓల్డ్‌హామ్ దేశంలోని వేడినీటి ఊటల పట్టికను తయారుచేశాడు. దాదాపు మూడు వందల ఊటలున్న ఆ పట్టికను ఆయన కుమారుడు 1882లో ప్రచురించాడు.

గోదావరి లోయలో అగ్నిపర్వతం లేదు. అక్కడ నేల ఒకప్పుడు రెండు పొడవాటి పగుళ్ల నడుమ కుంగిపోయింది. ఆ పల్లంలో నిండిన ఇసుకరాళ్లూ, బొగ్గుపొరలే సింగరేణి గనులు. వాననీరు ఆ ఇసుకరాళ్లలో లోతుకు దిగి, కేవలం లోతు వలననే వేడెక్కి, పగుళ్ల వెంట పైకి వస్తున్నది. జపానులో భూమి పొయ్యి రాజేసి కాస్తే, గోదావరి దగ్గర కుంపటి మీద నెమ్మదిగా కాస్తున్నదన్నమాట.

గుండాలకు వచ్చేవారు భద్రాద్రి యాత్రికులు. వారు ఆ నీటిని పుణ్యతీర్థంగా తల మీద చల్లుకొని పోతారు. రాత్రి బస భద్రాచలం సత్రాలలో. నీరు దేవునిది, బస ధర్మానిది. రెండింటినీ కలిపి ఒక వృత్తిగా చేయాలన్న ఆలోచనకు అక్కడ చోటు రాలేదు. పైగా మన్యపు అడవిలో ఏటేటా ప్రభువుల పరివారం నడిచే బాట లేదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే ప్రాంతంలో వేడినీటి కోసం ఎదురుచూచే రోజులు కూడా కొద్దివే. పగిడేరు వేడినీటితో ఇటీవల సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్తు యంత్రాన్ని నెలకొల్పింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ద్రవాన్ని ఆ నీటితో మరిగించి, ఆ ఆవిరితో చక్రం తిప్పటం దాని సూత్రం.

అందరి నీరు

ఇక్కడ జపాను అనుభవం మనకు పనికివస్తుంది. నేడు ఆ దేశంలో 27 వేలకు పైగా ఊటలున్నవి. కాని వాడే నీటిలో ఎక్కువ భాగం తనంత తాను ఊరేది కాదు; బోరు వేసి మోటారుతో లాగేది. ఒకరు లోతుగా తవ్వి లాగితే పక్కవాడి ఊట ఎండిపోతుంది. అందుకే 1948 చట్టం ఊట కోసం కొత్తగా తవ్వటానికి జిల్లా గవర్నరు అనుమతి తప్పనిసరి చేసింది. భూతాపంతో విద్యుత్తు తీయాలని ఎవరైనా వస్తే, ఊళ్లవారు మొదట అడిగే ప్రశ్న ‘మా ఊట ఏమవుతుంది?’ అన్నదే. 2004లో ఒక ప్రసిద్ధమైన ఊటలో నీరు తెల్లగా కనిపించటానికి పొడి కలుపుతున్నారని బయటపడింది. దేశమంతటా అలజడి రేగింది. నీటిలో ఏమి కలిపినదీ బహిరంగంగా బోర్డు పెట్టాలని మరుసటి సంవత్సరం నిబంధన వచ్చింది. విడుదుల సంఖ్య కూడా తరుగుతున్నది. 1980 ప్రాంతంలో 80 వేలకు పైగా ఉన్న ర్యోకాన్‌లు 2018 నాటికి 40 వేల లోపుకు దిగాయి. సుమారు పదమూడు వందల ఏళ్ల సంప్రదాయానికి కూడా రేపు నిలుస్తుందన్న పూచీ లేదు.

నేల కింది నీరు ఒకరి గట్టు దగ్గర ఆగేది కాదు. గుండాల వేడినీటికీ, కోవూరు బావినీటికీ ఇది సమానంగా వర్తిస్తుంది. తొట్టిలోకి దిగేముందు ఒళ్లు కడుగుకోవాలన్న జపాను కట్టుబాటులోని అర్థం కూడా ఇదే: అందరి నీటిని వాడుకొనేటప్పుడు పక్కవాడిని తలచుకోవాలి.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతి గదిలో ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెట్టవచ్చును. ఊరిలోని లోతైన బావి నుంచి తెల్లవారుజామున చేదతో నీరు తోడి, వెంటనే అందులో ఉష్ణమాపకం ఉంచి వేడి చూడండి. అదే సమయంలో బయటి గాలి వేడిని కూడా రాసుకోండి. పుష్యమాసంలో ఒకసారి, రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒకసారి ఇదే పని చేయండి. గాలి వేడి పది, పదిహేను డిగ్రీలు మారినా బావినీటి వేడి దాదాపు మారదు. చలికాలంలో బావినీళ్లు గోరువెచ్చగానూ, ఎండాకాలంలో చల్లగానూ తగలటానికి కారణం విద్యార్థులకు అప్పుడు బోధపడుతుంది. తరువాత జపాను చట్టంలోని 25 డిగ్రీల గీతను నల్లబల్ల మీద గీసి, మన బావి ఆ గీతకు పైన ఉన్నదో కింద ఉన్నదో చూచి చెప్పమనండి. మిగిలిన ప్రశ్నలు వారే అడుగుతారు.